ట్యాంకు మీద మోగిన చేతి డైరీ

మా డిపోలోకి మొబైల్ ఫోను తీసుకెళ్లనివ్వరు. గేటు పక్కన గోడకు చిన్న చిన్న ఇనుప అరలుంటాయి, మనిషికొకటి. ఫోను, అగ్గిపెట్టె, బీడీకట్ట ఏదున్నా అందులో పెట్టి తాళం వేసుకుని లోపలికి నడవాలి. పెట్రోలు, డీజిలు నిలవ చేసే చోటు కాబట్టి నిప్పురవ్వ పుట్టడానికి వీలున్న వస్తువేదీ గేటు దాటకూడదు. బడ్జ్ బడ్జ్‌లో గంగ ఒడ్డున ఉన్న ఆ డిపోలో నేను ఆఫీసర్ని. విశాఖపట్నం నుంచి బదిలీ మీద కోల్‌కతా వచ్చి తొమ్మిదేళ్లు దాటింది. మాజేర్‌హాట్ స్టేషను దగ్గర అద్దె ఫ్లాటు. పొద్దున్నే లోకల్ ఎక్కితే తొమ్మిదిన్నరకల్లా డిపోలో ఉంటాను.

మా ఆయన పోయాక కర్మలన్నీ ముగిసిన మర్నాడే ఆ లోకల్ ఎక్కాను. ఇంట్లో ఉండి చేసేదేమీ కనిపించలేదు. ఆయన బ్యాంకులో పనిచేసేవారు. పక్షవాతం వచ్చి పదకొండు నెలలు మంచం మీద ఉన్నారు. మాకు పిల్లల్లేరు. బంధువులు వచ్చారు, ఏడ్చారు, వెళ్లారు. నేను ఏడవలేదు. ఆపుకున్నానని కాదు, రాలేదు. చెయ్యి తలకింద పెట్టుకుని చాలాసేపు పడుకుంటే తిమ్మిరెక్కి అది మన చెయ్యి కానట్టు ఉంటుంది చూడండి, నాకు ఒళ్లంతా అలా ఉండేది. పనులు మాత్రం వాటంతటవే జరిగిపోయేవి. అన్నం వండుకునేదాన్ని, తినేదాన్ని, గిన్నె కడిగి బోర్లించేదాన్ని. ఏం తిన్నానని అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

డిపోలో అందరూ నా దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేవారు. మా మేనేజరు యాభై దాటిన బెంగాలీ, మంచి మనిషి. ఒకరోజు నన్ను గదిలోకి పిలిచి, తనే కుర్చీ జరిపి కూర్చోబెట్టారు.

"మీకో తేలిక పని ఇస్తున్నాను మేడమ్," అన్నారు. "మన డిప్ మనుషులకి చేతిలో పట్టుకునే ఎలక్ట్రానిక్ డైరీలు కొనమని హెడ్డాఫీసు నుంచి కాగితం వచ్చింది. మూడు కంపెనీలు మూడు రకాలు చూపిస్తున్నాయి. చూసి, వాడి, ఏది బాగుందో చెప్పండి. తొందరేం లేదు."

తేలిక పని అన్న మాట ఆయన దయతో అన్నదే. నేను సరేనన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా సరేననడం నాకు సులువుగా ఉండేది.

డిప్ అంటే ఏమిటో చెప్పాలి. మా ట్యాంకులు మూడంతస్తుల ఇల్లంత ఎత్తుంటాయి. రోజూ పొద్దున ఒక మనిషి చుట్టూ తిరిగే ఇనుప మెట్లెక్కి పైకి వెళ్లి, మూత తీసి, కొసకి ఇత్తడి గుండు కట్టిన టేపు లోపలికి వదులుతాడు. గుండు అడుగుకి తగిలాక పైకి లాగి, టేపు మీద నూనె తడి ఎంతవరకు ఉందో చూస్తాడు. ఆ లెక్కని బట్టి ట్యాంకులో ఎంత సరుకుందో తెలుస్తుంది. చూసిన అంకెని జేబులో నోటుబుక్కులో రాసుకుని కిందికి వస్తాడు. వానాకాలంలో ఆ నోటుబుక్కులు తడిసి అంకెలు అలుక్కుపోయేవి. మూడు ఎనిమిదిగా, ఒకటి ఏడుగా మారి కిందికి దిగేవి. అందుకే ఈ డైరీలు. నిప్పురవ్వ పుట్టకుండా ప్రత్యేకంగా తయారుచేస్తారట. ఏ ట్యాంకు ఏ వేళకి చూడాలో అదే గుర్తుచేస్తుంది, అంకె కొడితే దాచుకుంటుంది, కిందికి వచ్చాక కంప్యూటరుకి అందిస్తుంది.

ఎంపికకి ముగ్గురం. నేను, ఎలక్ట్రికల్ పని చూసే ఒక ఇంజనీరు, ముప్ఫై ఏళ్లుగా ట్యాంకులెక్కుతున్న డిప్ మనిషి ఒకాయన. ఆయన్ని డిపో మొత్తం దాదా అంటుంది, బెంగాలీలో అన్నయ్య అని. ఆయన తెలుగువాడు. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడరేవు పనికి వచ్చి వాట్‌గంజ్‌లో స్థిరపడ్డాడట. ఈయన పుట్టిందీ, పెళ్లాడిందీ, కూతుళ్లకి పెళ్లిళ్లు చేసిందీ అక్కడే. తెలుగు మాట్లాడతాడుగానీ చదవలేడు. బెంగాలీ రాయగలడు. ఇంగ్లీషు అక్షరాలు బోర్డులు చూసి చూసి నేర్చుకున్నవి, ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుతాడు. నలుగురిలో నేనూ దాదా అనే పిలుస్తాను. మేమిద్దరమే ఉన్నప్పుడు బాబాయ్ అంటాను.

మూడు కంపెనీల్లో ఒకదాని ఆఫీసు న్యూ టౌన్‌లో ఉంది. ముందు అక్కడికి రమ్మన్నారు. ఇంజనీరుకి ఆ రోజు వేరే పని పడింది. దాదా, నేను క్యాబ్‌లో వెళ్లాం. వంతెన మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఆయన ఒక్కసారి, "ఇటేపు నానెప్పుడూ రానేదమ్మా. అంతా అద్దాలే," అన్నాడు.

అద్దాల మేడలో తొమ్మిదో అంతస్తు. చల్లగా ఉంది. అమ్మకాలు చూసే అమ్మాయి బల్ల మీద ఒక పసుపుపచ్చ పరికరం పెట్టింది. ఇటుకరాయంత బరువు, పెద్ద పెద్ద మీటలు, పైన చిన్న తెర. ఆ కంపెనీ వస్తువు అదొక్కటే. మిగతా రెండు కంపెనీలవీ తర్వాత డిపోకే వచ్చాయి. ఒకటి ఫోనులాగే ఉంటుంది, ముఖమంతా అద్దం, వేలితో తాకితే చాలు. ఇంకోదానికి తాడు కట్టిన పెన్ను ఉంటుంది, దానితో తెర మీద పొడవాలి.

"మేడమ్, మీ మామూలు రోజు ఒకటి ఇందులో ఎక్కించి చూడండి," అంది ఆ అమ్మాయి. "ఎన్ని గంటలకి ఏం చెయ్యాలో కొట్టండి. ఎంత సులువో మీకే తెలుస్తుంది."

నేను పరికరం చేతిలోకి తీసుకుని కొట్టడం మొదలుపెట్టాను. మీటలు గట్టిగా ఉన్నా నొక్కితే నొక్కినట్టు తెలుస్తోంది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం నాకు అలవాటు. ఆరింటికి ఒకటి, ఎనిమిదింటికి ఒకటి, పదిన్నరకి ఒకటి, పన్నెండున్నరకి ఒకటి, అలా పన్నెండు దాకా ఎక్కించాను. చాలా త్వరగా అయిపోయింది. ఆ అమ్మాయి "బాగా వేగం మీది," అని మెచ్చుకుంది. నేను ఏం రాశానో నేనే చదువుకోలేదు. ఆ అమ్మాయి ఏం అడిగితే వేళ్లు అది చేశాయి, అంతే.

నమూనాగా ఆ పరికరాన్నే ఇచ్చి పంపింది. రెండు వారాలు వాడి చూసి వెనక్కి ఇవ్వాలి.

మర్నాటి నుంచి దాదా ఆ పసుపు డబ్బాతో ట్యాంకులెక్కాడు. కింద పనివాళ్లు దానికి పేరు కూడా పెట్టేశారు, కొలేర్ ఖాతా అని. యంత్రపు నోటుబుక్కు అని అర్థం. నేను ట్యాంకుల మధ్య దారిలో నిలబడి చూస్తున్నాను. పదిన్నర అయివుంటుంది. పైనుంచి సన్నగా బెల్లు వినిపించింది. ఆగి ఆగి మోగుతోంది. దాదా కమ్మీ పట్టుకుని కిందికి వంగి అరిచాడు.

"అమ్మా! ఇది బెల్లు కొట్టీసినాది! ఏదో రాసుంది!"

"ఏం రాసుంది?"

ఆయన డబ్బాని దూరంగా పట్టుకుని ఒక్కో అక్షరమే కూడబలుక్కున్నాడు. నేను కింద నిలబడి ఉన్నాను.

"యెడమకి తిప్పాల, అని ఉందమ్మా. ఏ వాల్వమ్మా? నేనేటీ ముట్టుకోలేదు. ఏ వాల్వో సెప్పండి."

నాకు అప్పుడు తెలిసింది న్యూ టౌన్‌లో ఏం రాశానో. పక్షవాతం మనిషిని ఒకే పక్కన పడుకోబెట్టి ఉంచితే ఒళ్లు పుళ్లు పడుతుంది. రెండు గంటలకోసారి అటూ ఇటూ తిప్పాలి. పగలు ఆయన్ని చూసుకోవడానికి ఒక ఆయా వచ్చేది. ఆవిడకి టైము గుర్తుండదని నేను రోజూ పదిన్నరకి డిపో గేటు దాకా నడిచి, అరలోంచి ఫోను తీసి, ఇంటికి చేసి అడిగేదాన్ని. "తిప్పావా?" "తిప్పాను దీదీ." మళ్లీ పన్నెండున్నరకి. అలా పదకొండు నెలలు. నా మామూలు రోజు అంటే అదే. వేళ్లకి తెలిసిన రోజు ఇంకోటి లేదు.

నేను మెట్లెక్కి పైకి వెళ్లాను. ఆ మెట్లు ఎక్కి ఏడాది దాటింది. ఇనుము కాలిపోతోంది.

"వాల్వు కాదు బాబాయ్," అన్నాను.

"మరేటమ్మా?"

"మనిషిని."

ఆయన డబ్బాని చూశాడు, నన్ను చూశాడు. బెల్లు ఇంకా మోగుతోంది. దాన్ని ఎలా ఆపాలో ఆయనకి తెలీదు. నేను మీట నొక్కి ఆపాను.

"రోజూ పదిన్నరకి గేటు కాడికి ఎల్లీవోరు గదా," అన్నాడు. "దీనికేనా?"

"దీనికే."

"మేం ఇంకోటి అనుకునీవోలం. అమ్మకేదో కోర్టు కేసు నడుస్తంది, వకీలుకి ఫోను సేత్తంది అని."

నవ్వు రావాల్సిన మాట. రాలేదు. ఆయనా నవ్వలేదు. టేపుని గుడ్డతో తుడిచి చుట్టుకుంటూ, "రోజుకెన్నిసార్లు తిప్పీవోరు?" అని అడిగాడు.

చెప్పాను. ఆరింటికి కుడివైపు, మందు. ఎనిమిదింటికి వెల్లకిలా, జావ. పదిన్నరకి ఎడమవైపు. పన్నెండున్నరకి మళ్లీ కుడివైపు, వీపుకి పౌడరు. అన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. ట్యాంకు నంబర్లు, రీడింగులు రిజిస్టరులోకి చదివేటప్పుడు నా గొంతు ఎలా ఉంటుందో అలాగే ఉంది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా "అయ్యో" అనలేదు. అది నాకు హాయిగా అనిపించిందని చెప్పలేను, కానీ ఇబ్బంది మాత్రం అనిపించలేదు.

"మా అమ్మకి కూడా సేసినాం," అన్నాడు చివరికి. "రెండేళ్లు. మేం టైము సూసి తిప్పలేదమ్మా. అది మూలిగితే తిప్పీవోలం."

"ఆయన మూలగలేదు," అన్నాను.

ఆయన తలూపాడు. తర్వాత డబ్బాని చేత్తో తిప్పి చూసి, "ఇప్పుడీ రాతలు తీసీమంతారా, ఉంచీమంతారా?" అన్నాడు.

"మీ ఇష్టం."

"నాకు తీడం రాదమ్మా."

"నాకూ రాదు," అన్నాను. అది అబద్ధం.

రెండు వారాల పాటు పదిన్నరకీ పన్నెండున్నరకీ రెండున్నరకీ ట్యాంకుల మధ్య ఆ బెల్లు మోగుతూనే ఉంది. దాదా తీరిగ్గా మీట నొక్కి ఆపేవాడు. మిగతా పనివాళ్లకి తెలుగు రాదు, అదేదో డిప్ వేళ అనుకున్నారు. ఒకతను ఆ మోతని బట్టే టీకి వెళ్లడం అలవాటు చేసుకున్నాడు. గడువు తీరాక కంపెనీవాళ్లు వచ్చి పరికరం తీసుకుని రసీదు ఇచ్చారు. అందులోని వివరాలన్నీ తుడిచివేయడమైనది అని దాని కింద ఒక వాక్యం ఉంది. చదివి ఫైల్లో పెట్టాను. ఏమీ అనిపించలేదు. అనిపించాలేమోనని కాసేపు ఆగి చూశాను కూడా.

తర్వాత అద్దం ముఖందీ పెన్నుదీ వంతులవారీగా వచ్చి వెళ్లాయి. నేను రోజూ ట్యాంకుల దగ్గరకి వెళ్లేదాన్ని. చూసేదాన్ని. పెన్ను తాడు మెట్ల కమ్మీకి చిక్కుకుని దాదా ఒకరోజు తూలడం చూశాను. మధ్యాహ్నం ఎండలో అద్దం తెర మీద ఏమీ కనపడక ఆయన దాన్ని చొక్కా చాటున పెట్టుకుని తొంగి చూడడం చూశాను. చేతి తొడుగు తీస్తే తప్ప అది వేలి తాకిడి పట్టదు. తీస్తే నూనె అంటుకున్న వేలు జారిపోతుంది. ఇవన్నీ కంటితో చూశాను. ఎక్కడా రాయలేదు. ఎవరితోనూ అనలేదు. మూడిట్లో ఏది మేలని ఇంజనీరు అడిగితే, "మూడూ ఫరవాలేదు," అన్నాను. అతను అద్దందాన్ని ఇష్టపడ్డాడు. చూడముచ్చటగా ఉందన్నాడు, ఫోటో కూడా తీస్తుందన్నాడు. అవునన్నాను.

జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం ఎంపిక కాగితం నా బల్ల మీదికి వచ్చింది. ఇంజనీరే టైపు చేయించాడు. అద్దం ముఖం పరికరాన్ని కొనవచ్చునని మేం ముగ్గురం ఏకాభిప్రాయంతో సిఫారసు చేస్తున్నట్టు అందులో ఉంది. కింద మూడు గీతలు. మొదటి గీత మీద ఇంజనీరు సంతకం. మూడో గీత మీద, బెంగాలీ అక్షరాల్లో, వంకర లేకుండా, గుండ్రంగా, దాదా సంతకం. మధ్యలో గీత నాది.

పెన్ను తీశాను. ఆ గుండ్రటి సంతకం మీద నా చూపు ఆగిపోయింది. రిటైరయ్యేదాకా ఇంకా నాలుగేళ్లు దాన్ని పట్టుకుని మెట్లెక్కాల్సిన మనిషి ఆయన. ఎండలో చొక్కా చాటున పెట్టుకుని చూసింది ఆయన. ఆయనే ఇది బాగుందని సంతకం పెట్టాడు!

కాగితం పట్టుకుని బయటికి నడిచాను. దాదా పంపుల షెడ్డు నీడలో కూర్చుని క్యారేజీ విప్పుకుని మధ్యాహ్నపు అన్నం తింటున్నాడు.

"దీనిమీద ఎందుకు పెట్టారు సంతకం?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. పక్కనున్న ఇద్దరు తలలెత్తి చూశారు. "తొడుగుతో పనిచెయ్యదు, ఎండలో కనపడదు, మీకు తెలీదా? ముప్ఫై ఏళ్లుగా ఎక్కుతున్నారే! నోరు లేదా మీకు? అడగరా?"

ఆయన అన్నం చెయ్యి క్యారేజీలోనే ఉంచి లేచి నిలబడబోయాడు. కూర్చోమన్నాను, అది కూడా అరిచినట్టే అన్నాను.

"పెట్టమన్నారు, పెట్టీసినానమ్మా," అన్నాడు. "ఇంజినీరు సాబు మేడమ్‌కి కూడా ఇదే ఇష్టం అన్నాడు."

"నేనెప్పుడు అన్నాను?"

"అవునన్నారట గదా." ఈసారి నా కళ్లలోకి చూసి చెప్పాడు. "మీరు పక్కనే ఉండీవోరు, అమ్మా. అన్నీ సూసీవోరు. ఒక్క మాటా అననేదు. మీరే ఊరుకుంటే నేనేటనగలను? మీరు ఆపీసరు. నాకు పసుపుదే బాగున్నాది, మొదటినుంచీ. మీటలు సేతికి తెలుత్తాయి. కానీ నన్నెవలు అడిగినారు?"

ఆయన అన్నది నిజం. తేలిక పని కదా అని నాకిచ్చారు. తేలిగ్గానే తీసుకున్నాను. రెండు నెలలు పక్కన స్తంభంలా నిలబడి, చూసిందంతా మింగి, చివరికి ఆయన్నే తిడుతున్నాను. ముఖం వేడెక్కింది. ఎంతకాలానికి నాకు అంత కోపం వచ్చిందో! ఆయన మీద కంటే నామీదే ఎక్కువ.

"తినండి బాబాయ్," అన్నాను. "నాది పొరపాటు."

అక్కణ్ణుంచి తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్లి, కాగితం ఆయన ముందు పెట్టి, "నేను సంతకం పెట్టను సార్," అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీశారు. "ఏమైంది? అందరికీ నచ్చిందన్నారే?"

"నాకు నచ్చలేదు. చెప్పకపోవడం నా తప్పు. ట్యాంకు మీద అది పనికిరాదు."

"మేడమ్, ఇద్దరు పెట్టేశారు. ఫైలు ఈ వారం వెళ్లాలి." ఇంకా మెత్తగానే మాట్లాడుతున్నారు, పోయినవాళ్ల ఇంటికి వచ్చినవాళ్లు మాట్లాడినట్టు. "మీరు అలిసిపోయి ఉన్నారు. కావాలంటే నాలుగు రోజులు సెలవు..."

"సెలవు వద్దు సార్. రేపు వానొచ్చేలా ఉంది. మీరొక్కసారి నాతో పైకి రండి. ఆ పరికరంతో మీరే ఒక డిప్ ఎక్కించండి. ఎక్కిస్తే అక్కడే సంతకం పెడతాను."

ఆయన కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. చివరికి, "నా మోకాళ్ల సంగతి మీకు తెలుసుగా," అన్నారు. అంటే వస్తానని.

మర్నాడు కాదు, రెండు రోజులకి వాన పడింది. ఉరుములూ మెరుపులూ ఉంటే ట్యాంకు ఎక్కకూడదు. అది ఉరుముల్లేని వాన, నిలకడగా పడే వాన. పసుపుదాన్నీ అద్దందాన్నీ మళ్లీ తెప్పించాను. మేనేజరు రెయిన్‌కోటు వేసుకుని, రెండు చేతులా కమ్మీలు పట్టుకుని, ప్రతి మలుపులో ఆగుతూ ఎక్కారు. ముందు దాదా, వెనక నేను.

దాదా టేపు వదిలి, లాగి, అంకె చదివాడు. మేనేజరు అద్దం పరికరం తెరిచారు. ఆయన తొడుగు తీసి వేలు పెట్టేలోపే తెర తనంతట తానే కదిలింది. వాన చినుకు పడ్డచోటల్లా వేలు తాకినట్టే అనుకుంటోంది అది. ఒక చినుకు రెండు కొట్టింది. ఇంకో చినుకు తొమ్మిది కొట్టింది. ఇంకోటి ఆ పేజీ మూసేసి ఫోటో తీసే పేజీ తెరిచింది. ఆయన చేతి రుమాలుతో తుడిచారు. తుడవడంతో పరికరం ఆ రీడింగునే దాచేసుకుంది, వాన కొట్టిన అంకెలతోనే.

"సార్, ట్యాంకులో ఎంతుందో వానే రాసీసినాది," అన్నాడు దాదా.

మేనేజరు పకపకా నవ్వారు. తర్వాత పసుపుది తీసుకుని, తొడుగుతోనే మీటలు నొక్కి, అంకె ఎక్కించి, రెండోసారి చదివించి సరిచూసుకున్నారు. "ముందే చెప్పివుంటే నా మోకాళ్లు బతికేవి కదా మేడమ్," అన్నారు దిగుతూ. గొంతు తగ్గించి కాదు, మామూలుగా, కొంచెం విసుక్కుంటూ అన్నారు. ఆ విసుగు నాకు బాగుంది.

సిఫారసు కాగితం నేనే రాశాను. ఎండ సంగతి, తొడుగు సంగతి, పెన్ను తాడు సంగతి, వాన సంగతి, చూసిందంతా రాశాను. రెండున్నర పేజీలయింది. మీటల మీద అంకెలు బెంగాలీలో కూడా ఉండాలని చివర్లో ఒక కోరిక కలిపాను. ఇంజనీరు కాస్త ముఖం ముడుచుకున్నాడుగానీ చదివి సంతకం పెట్టాడు. దాదాకి మొత్తం తెలుగులో చెప్పి, ఒప్పుకుంటేనే పెట్టమన్నాను. ఆయన రెండుచోట్ల ఆపి ప్రశ్నలడిగాడు. ఒకచోట నా మాట తప్పన్నాడు. దిద్దాను.

దుర్గాపూజ సెలవులు అయ్యాక పరికరాలు వచ్చాయి. బెంగాలీ అంకెలు రాలేదు. మీటల మీద అతికించుకోమని చిన్న చీటీలు పంపారు, అవి వారంలో ఊడిపోయాయి. దాదా ఆ సరికి ఇంగ్లీషు అంకెలకి అలవాటు పడ్డాడు.

నేను బాగైపోయానని చెప్పడానికి ఇదంతా రాయడం లేదు. ఆ రోజు కోపం వచ్చింది, మర్నాటికి పోయింది. మళ్లీ తిమ్మిరి అలాగే ఉంది. ఇంటికి వెళ్లి తలుపు తీస్తే లోపల గాలి కూడా కదలనట్టు ఉండేది. కాకపోతే ఒకసారి వచ్చింది కాబట్టి, లోపల ఏదో ఇంకా ఉందని తెలిసింది. అంతకుమించి ఏమీ లేదు.

చలి మొదలైన రోజుల్లో దాదా ఒక శనివారం గేటు దగ్గర నా కోసం ఆగాడు.

"రేపు మా ఇంటికి రండమ్మా. మా ఆడది సేపల పులుసు సేత్తాదట. మిమ్మల్ని తీసుకురమ్మని నెల్నించి గోల."

"ఎందుకు బాబాయ్, శ్రమ."

"శ్రమేటి? సేపలెలాగూ వొండుకుంతాం."

ఆదివారం వాట్‌గంజ్ వెళ్లాను. ఓడరేవు గోడ వెంట సందులో రెండు గదుల ఇల్లు. ఆయన భార్య పొట్టిగా, చురుగ్గా ఉంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లి పీట వేసింది. "ఇంత సన్నగా ఉన్నారేటమ్మా, ఆపీసర్లకి తిండి పెట్టరేటి?" అంది. ఆవిడ తెలుగులో సగం బెంగాలీ. మా ఆయన గురించి ఒక్క మాట అడగలేదు. చేపల పులుసులో ఆవాల ఘాటు ముక్కుకెక్కింది. వేడి అన్నం రెండోసారి వడ్డిస్తే వద్దనలేదు.

భోజనాలయ్యాక ఆవిడ నాకు మంచం చూపించి, కాసేపు నడుం వాల్చమంది. అయిదు నిమిషాలు కూర్చుని లేస్తానన్నాను. గోడకి ఆనుకున్నాను. వీధిలో పంపు దగ్గర ఎవరో బిందె పెడుతున్న చప్పుడు, పక్కింట్లో ఎవరో ఎవర్నో బెంగాలీలో కేకలేయడం వినిపించాయి.

లేచేసరికి గదిలో దీపం వెలిగించి ఉంది. నా మీద దుప్పటి కప్పి ఉంది. చెప్పులు మంచం కింద సరిగ్గా పెట్టి ఉన్నాయి. నాలుగు గంటలు నిద్రపోయానట. భార్యాభర్తలిద్దరూ గుమ్మం బయట చిన్న బల్ల మీద కూర్చుని, నేను లేస్తానని, టీవీ పెట్టకుండా, చిన్నగా మాట్లాడుకుంటున్నారు.

"లేపొచ్చు కదా," అన్నాను సిగ్గుపడుతూ.

"ఎందుకు లేపడం?" అంది ఆవిడ. "మీకేటైనా డూటీ ఉందేటి ఆదివారం?"

లేదన్నాను. ఆవిడ టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. దాదా పక్కకి జరిగి బల్ల మీద చోటిచ్చాడు. కూర్చున్నాను. చెంప మీద దిండు ముడత అచ్చు పడి ఉంది. దాన్ని వేళ్లతో తడుముకుంటూ, సందులో ఇళ్లకి తిరిగి వస్తున్నవాళ్లని చూస్తూ టీ కోసం ఎదురుచూశాను.